చౌక్ మూలన 40 గజాల నీడ

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ దగ్గర మా ఇంటి ముందు ఒక చిన్న చౌక్ ఉంది. నాలుగు సందులు కలిసే చోటు. ఒక మూలన పాత దేవిడీ (నవాబుల కాలపు పెద్ద భవంతి) గోడ, దానికొక కమాను. ఎదురుగా గాజుల దుకాణాలు, ఒక ఇరానీ హోటలు. దేవిడీ గోడ పక్కనున్న 40 గజాల జాగా ఏళ్ల తరబడి చెత్తకుప్పగా ఉండేది. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి అక్కడ చిన్న పార్కు చేశాను. ఇది దానికి ఏడో వేసవి. ఇప్పుడు పక్క వీధుల వాళ్లు వచ్చి చూసి, "మేమూ చేద్దామనుకుంటున్నాం టీచరమ్మా, ఏ మొక్కలు పెట్టమంటారు?" అని అడుగుతున్నారు. మొక్కల మాట తరువాత చెబుతాను. మొక్క చేతికి రాకముందే చేయవలసిన పని చాలా ఉంది. పార్కు నిలిచేదీ పోయేదీ ఆ పనితోనే.

జాగా చిన్నదని మాత్రం వెనకాడకండి. ఇలాంటి చిన్న పార్కులకు ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే న్యూయార్క్ పేలీ పార్కు 1967లో తెరిచారు. అది సుమారు 4,200 చదరపు అడుగులు, మన లెక్కలో 467 గజాలు. అంత దూరం పోనక్కరలేదు. లాడ్ బజార్ దాటి మహబూబ్ చౌక్‌కు వెళ్లి చూడండి. 1892లో నిజాం దీవాను ఆస్మాన్ జా కట్టించిన గడియారస్తంభం చుట్టూ ఉన్నది చిన్న తోటే. పాతకాలపు చౌక్‌కూ పచ్చదనానికీ పొత్తు కుదరదనే వాళ్లకు నేను ఆ తోటనే చూపిస్తాను.

ముందు నాలుగు రోజులు కూర్చోండి

ఒక మామూలు రోజు, ఒక శుక్రవారం, ఒక ఆదివారం, వీలైతే రంజాన్ నెలలో ఒక సాయంత్రం. పొద్దున ఏడు నుంచి చీకటిపడే దాకా అక్కడే కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో నోటుపుస్తకంలో రాయండి. హమాలీలు ట్రాలీ కోసం ఎక్కడ ఆగుతున్నారు? గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు పిల్లవాణ్ణి చంకన వేసుకుని ఏ గోడ పక్కకు చేరుతున్నారు? ఆటోలు ఎటు తిరుగుతున్నాయి?

మేము ఈ పని చేయకుండానే ముందు నక్షా గీశాం. అందులో మంచి పూలమడి ఉంది, పండ్ల బండి లేదు. జామకాయలు అమ్మే చాచా ఆ మూలన ఇరవై ఏళ్లుగా నిలబడుతున్నాడు. నక్షా చూపిస్తే ఆయన ఏమీ అనలేదు. బండి చక్రాల కింద పెట్టే రెండు రాళ్లను కాలితో కొంచెం పక్కకు జరిపి, "ఇంకా జరగాలా అమ్మా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మడినే నాలుగు అడుగులు వెనక్కి జరిపి గీశాం. ఇవాళ ఆ మొక్కలకు పొద్దున నీళ్లు పోసేది, ఆకులు తెంపే పిల్లల్ని అదిలించేది ఆయనే. ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నది నిజానికి ఈ ఒక్క మాట కోసం: అక్కడ ముందు నుంచీ నిలబడుతున్న మనిషికి చోటు ఉంచి పార్కు గీయండి. అతణ్ణి తీసేసి పెట్టిన పార్కును ఎవరూ కాపాడరు.

చూడవలసిన రెండోది నీడ. చేతికి సుద్దముక్క తీసుకుని పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి నీడ అంచున బండల మీద గీతలు గీయండి. దీన్ని మే నెలలో తప్పకుండా చేయాలి, ఎందుకో చెబుతాను. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ నిమిషంలో నీడే ఉండదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ కాస్త దక్షిణం వైపు పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరం వైపు. అంటే ఎంత ఎత్తు గోడ ఉన్నా, ఎంత పెద్ద కమాను ఉన్నా, మనకు నీడ బాగా కావలసిన నెలలో, కావలసిన గంటలో అది అక్కరకు రాదు. నెత్తిమీద కొమ్మ ఒక్కటే దిక్కు. మా చౌక్‌లో డిసెంబరులో గీసిన గీతల్ని నమ్ముకుని బెంచీ ఉత్తరపు మూలన వేశాం. మొదటి మే నెలలో అది పెనంలా కాలింది. మళ్లీ మేస్త్రిని పిలిచి పీకించాల్సి వచ్చింది.

మూడోది ఊరేగింపులు. బయటి ఊళ్ల నుంచి వచ్చి నక్షాలు గీసేవాళ్లకు ఇది తట్టదు. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలమ్ అనే పవిత్ర ధ్వజం డబీర్‌పురా నుంచి బయలుదేరి చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా ఏనుగు మీద వెళుతుంది. బోనాలకు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా ఏనుగు మీదే వస్తుంది. బాలాపూర్ గణేశుడి లారీ చార్మినార్ ముందు నుంచి పోతుంది. మీ చౌక్ అలాంటి దారిలో ఉంటే ఏనుగు, దాని మీద మనిషి, ఆ పైన ఆలమ్, ఇంత ఎత్తుకు కొమ్మ అడ్డం రాకూడదు. మా చౌక్ పెద్ద దారిలో లేదు, అయినా వీధి బోనాలు, పీర్ల సవారీ మా ముందు నుంచే వెళతాయి. చౌక్ మధ్యలో 18 అడుగుల వెడల్పున ఏమీ పెట్టకుండా వదిలేశాం.

కట్టడం కనిపించాలి

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి నాలుగు దిక్కులా చూడండి. నాలుగు వైపులా నాలుగు కమానులు కనిపిస్తాయి. దక్షిణాన కమాను లోంచి చార్మినార్ కనిపిస్తుంది. ఆ చూపు కోసమే ఆ చోటును అలా కట్టారు. ఎంత మంచి చెట్టయినా ఆ చూపుకు అడ్డం నాటితే అది తప్పే. మొక్కలు మూలలకు, దారులు చూపులకు. చెట్టు కింది కొమ్మలు ఎనిమిది అడుగుల ఎత్తు దాకా తీసేస్తే మనిషి కంటికి రాతి కట్టడం పూర్తిగా కనిపిస్తుంది, నీడా తగ్గదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి దానిలో చిన్న గట్టుకైనా ఇటుక పెట్టకండి. కదిలించడానికి వీలైన తొట్టెలతోనే సరిపెట్టుకోవడం మేలు. జాగా ఎవరిదో ముందు తేల్చుకోండి: నగరపాలక సంస్థదా, కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ పనుల్లో ఉన్నదా, వక్ఫ్‌దా, దేవాదాయ శాఖదా. జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చేటప్పుడు నక్షా, ఫొటోలు, నీళ్లు ఎవరు పోస్తారో పేర్లతో సహా జతచేయండి. ట్రాఫిక్ పోలీసులకు ఒక ప్రతి ఇవ్వండి. అక్కడ పాత చెట్టు ఏదైనా ఉంటే దాన్ని కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. నన్నడిగితే దాన్ని కొట్టే ఆలోచనే వద్దు, దాని చుట్టూనే పార్కు గీయండి. మా ఫైలు ఒక ఆఫీసులో పదకొండు నెలలు కదల్లేదు. ఆ పదకొండు నెలలూ మేము చెత్త ఎత్తి, జాగా ఊడ్చి, ముగ్గు వేశాం. చెత్త వేసే అలవాటు ఆ ముగ్గుతోనే పోయింది.

తవ్వే ముందు

పాతబస్తీ నేల కింద ఏముందో పైనుంచి తెలియదు. పాత నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు, ఎవరి ఇంటిదో మోరీ. గునపం దించే ముందు కరెంటు వాళ్లను, నీళ్ల బోర్డు లైన్‌మన్‌ను పిలిచి గుర్తులు వేయించుకోండి. అప్పుడు కూడా యంత్రం వద్దు, చేత్తోనే తవ్వాలి.

మట్టిని నమ్మకండి. మా జాగాలో పైన ఒక జానెడు చెత్త, దాని కింద రెండు అడుగుల దాకా కూలిన ఇళ్ల శిథిలం: ఇటుక ముక్కలు, డంగు సున్నం గడ్డలు, పెంకులు. ఒక చెంచాడు పొడి మట్టి సాసర్‌లో వేసి దాని మీద నిమ్మకాయ పిండాను. సన్నగా నురగ లేచింది, చెవి దగ్గర పెడితే చిటపట వినిపించింది. అలా నురగ లేస్తే మట్టిలో సున్నం ఉన్నట్టు. అలాంటి మట్టిలో మొక్కకు ఇనుము అందదు, లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఎరువు ఎంత వేసినా అది నయం కాదు. మేము చెట్టుకు మూడు అడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంట తీసి శిథిలం మొత్తం ఎత్తేశాం. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపాం. ఒక్కో గుంటకు రెండు దోసిళ్ల వేపపిండి.

తవ్వకూడని చోట తొట్టెలు పెట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులున్న తొట్టె, నిండా ఉన్న మట్టి తడిస్తే దాదాపు 400 కిలోలు తూగుతుంది. దాన్ని కమాను పునాదికి ఆనించి గానీ, మ్యాన్‌హోల్ మూత మీద గానీ పెట్టకండి. కింద అంగుళం ఎత్తున రాళ్లు పెడితే నీరు పోతుంది, ఊడ్చడానికి చీపురూ దూరుతుంది.

ఇక గోడ. ఇక్కడ మేము పెద్ద తప్పు చేశాం, మీరు చేయకండి. మొదటి ఏడాది మందారాల మడి దేవిడీ గోడకు ఆనించే కట్టాం. చూడటానికి ఎంత బాగుందో. వర్షాకాలం వెళ్లాక గోడ మీద మోకాలి ఎత్తున తెల్లటి పూత కనిపించింది. వేలితో తాకితే పిండిలా అంటుకుంది. నాలుక చివర పెట్టి చూశాను, ఉప్పు. కార్తీకానికి అక్కడి సున్నపు పూత బొబ్బలా ఉబ్బి, అరచేయంత పెచ్చు ఊడిపడింది. వెనక ఉన్న ఇటుక తడిగా, చల్లగా ఉంది. మడిలో మేము రోజూ పోసిన నీటిని గోడ దీపపు వత్తిలా పీల్చుకుంది. ఆ నీటితో పైకి వచ్చిన లవణం ఆరిన చోట గడ్డకట్టి పూతను లోపలినుంచి తోసింది. అన్నేళ్లు నిలిచిన గోడను మా ప్రేమే దెబ్బ తీసింది. మడి పీకేసి ఆరు అడుగులు దూరం జరిపాం. గోడ పక్కన కంకర పరిచి, నేలను చౌక్ వైపు వాలుగా చేశాం. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికే దాకా ఆ దెబ్బను అలాగే వదిలేశాం. మధ్యలో ఒకాయన సిమెంటు పూసేద్దామన్నాడు, ఒప్పుకోలేదు. సిమెంటు పూస్తే తేమ బయటికి రాలేక ఇంకా పైకి పాకుతుంది.

గోడ పగుళ్లలో రావి మొలకలు వస్తే వాటి మీదా ఒక కన్ను ఉంచండి. రెండు ఆకుల దశలో చేత్తో తీయవచ్చు. వేరు రాతిలోకి దిగాక లాగితే రాయి కూడా వస్తుంది. అప్పుడు మొదలంటా కోసి, తెలిసిన వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు మొక్కలు

40 గజాలకు రెండు చెట్లు చాలు. మేము ఒక కానుగ, ఒక పొగడ పెట్టాం. కానుగ తొందరగా ఎదుగుతుంది, సున్నపు నేలను ఓర్చుకుంటుంది. వేసవి ముందే ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది కాబట్టి ఎండలు ముదిరే సరికి గొడుగు సిద్ధంగా ఉంటుంది. పొగడ నెమ్మది, కానీ ఏడాదంతా ఆకు నిలిచి ఉంటుంది. పొద్దున్నే రాలిన పూలు ఏరి దండ గుచ్చడానికి మా వీధి ఆడపిల్లలు పోటీ పడతారు. వేప కూడా మంచిదే, కానీ 2021లో తెలంగాణ అంతటా వేపలకు ఎండు తెగులు సోకి కొమ్మలు మాడిన సంగతి గుర్తుంచుకోండి. రెండు చెట్లూ ఒకే జాతివి పెట్టకండి.

రావి, మర్రి కట్టడాల పక్కన వద్దు. తురాయి కొమ్మలు గాలివానకు విరిగి జనం మీద పడతాయి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క తొందరగా పచ్చగా కనిపిస్తుందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. చింత నాకు ప్రాణం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా బతికారు. ఆ చెట్టు దగ్గరికి నా విద్యార్థులను ఏటా తీసుకెళ్లేదాన్ని. కానీ చింతకు ఆవరణ కావాలి. చౌక్ మూల దానికి చాలదు.

కింది వరుసకు నందివర్ధనం, తంగేడు, మందారం, ఒక మల్లె. గడ్డి తివాచీ వద్దు, అది తాగే నీటితో పది చెట్లు బతుకుతాయి. గన్నేరు విషం, పిల్లలు తిరిగే చోట పెట్టను.

మేకల సంగతి చెప్పాలి. బక్రీద్‌కు ముందు మా సందుల్లో ఇంటింటికీ మేకలు వస్తాయి. మొదటి ఏడాది ఒక్క సాయంత్రంలో మల్లె, మందారం మొదళ్ల దాకా మేసేశాయి. పిల్లలు ఎంతో ముచ్చటగా తిప్పుకునే జీవాలు, వాటిని ఏమనగలం? ఇనుప కంచె వేద్దామన్నారు కొందరు. కంచె వేస్తే మనుషులూ రారు. నేను చుట్టూ అడ్డసరం నాటించాను. దగ్గు కషాయానికి వాడే మొక్కే. దాని చేదుకు మేక మూతి పెట్టదు. నడుము ఎత్తులో కత్తిరిస్తే చక్కటి దడి అవుతుంది. తెల్లని పూలు పూస్తుంది, వీధిలో దగ్గు వచ్చిన ప్రతి ఇంటికీ ఆకు వెళుతుంది. ఆ తరువాతి బక్రీద్‌కు ఒక్క కొమ్మ కూడా పోలేదు.

నీళ్లు, కూర్చునే చోటు

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక నాటండి. మా 40 గజాల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లకు పైనే నీరు. అది మోరీలోకి పోకుండా మడి అంచును నేలకంటే ఒక అంగుళం కిందికి ఉంచాం. బండల మధ్య సందుల్లో సిమెంటు బదులు ఇసుక కొట్టాం.

వేసవికి మట్టికుండలే మంచి ఉపాయం. బేగంబజార్‌లో కాల్చిన మామూలు కుండలు కొన్నాం, పైన రంగు లేనివి. చెట్టు మొదలుకు అడుగున్నర దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, దోమలు చేరకుండా మూత పెట్టాలి. నీరు కుండ గోడలోంచి మెల్లగా చెమరుస్తుంది, వేరు దాని చుట్టూ అల్లుకుంటుంది. పైన పోసిన నీటిలా ఎండకు ఆరిపోదు. మూడు రోజులకు ఒకసారి నింపితే మా మొక్కలకు ఏప్రిల్, మే గడిచాయి. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

బెంచీకి షాబాద్ బండ వేశాం, నేల నుంచి 17 అంగుళాల ఎత్తు. ఒకదానికి తప్పకుండా వీపు ఆనించుకునే పలక పెట్టండి. అది లేకపోతే ముసలివాళ్లు ఐదు నిమిషాలకే లేస్తారు. పిల్లకు పాలిచ్చే తల్లి కూర్చునే చోటు గోడ వైపు ఉండాలి, కానీ దుకాణాల వాళ్లకు కనిపించాలి. మూల మరీ చాటైతే చీకటిపడ్డాక అక్కడ ఆడవాళ్లు ఉండరు. పసుపు వెలుగు దీపం ఒకటి చాలు, తీగ కోసం పాత గోడకు మేకు మాత్రం కొట్టకండి, విడిగా స్తంభం వేయండి. డబ్బు ఎక్కువగా పోయేది ఈ రాతిపనికే. మొక్కలు ప్రభుత్వ నర్సరీలో దొరికాయి, చందా పుస్తకంలో ఆ పద్దు ఒక్క వరుసకే సరిపోయింది.

రెండు వేసవులు

వారంలో ఏడు రోజులకు ఏడు పేర్లు రాసి ఇరానీ హోటలు గల్లాపెట్టె పక్కన అంటించండి. మా పట్టికలో జామకాయల చాచా, గాజుల దుకాణం అన్నదమ్ములు (వాళ్లకు కలిపి ఒక రోజు), ఇద్దరు కాలేజీ పిల్లలు, టైలరమ్మ, గుడి పూజారిగారు, నేను. కుళాయి తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషి ఊరెళ్లిన వారం మొక్క చస్తుంది, కాబట్టి మూడు చెవులు చేయించండి. రాలిన ఆకు ఊడ్చి పారేయకుండా మొదట్లోనే పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు దూరం ఉంచండి. ఆసరాకు కట్టిన తాడును ఆరు నెలలకోసారి వదులు చేయండి. మా పొగడకు ఒకసారి మరిచాం, తాడు బెరడులోకి దిగింది. ఆ గీత ఇప్పటికీ వేలికి తగులుతుంది.

మూడో ఏడు వానలు పడ్డాక చెట్ల దగ్గరి కుండలు తవ్వి తీసేయవచ్చు. మావి తీసినప్పుడు వాటి చుట్టూ తెల్లని వేళ్లు వలలా అల్లుకుని ఉన్నాయి. రెండు కుండలు పగలకుండా బయటికి వచ్చాయి. ఒకటి చాచా బండి కింద తాగే నీళ్లకు పెట్టుకున్నాడు. రెండోది మొఘల్‌పురా నుంచి పార్కు చూడడానికి వచ్చిన వాళ్లు అడిగి తీసుకెళ్లారు.